‘మ్యాన్‌ఫుల్లీ’కి తెలుగులో ఏ మాట వాడాలి?

పాత ఇంగ్లీషు గద్యం అనువదించేవారికి ఒక ప్రశ్న. ‘మ్యాన్‌ఫుల్లీ’ని ‘మగాడిలా’ అంటే తేలిపోతోంది. 1662 నాటి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) ప్రార్థనల పుస్తకంలో, బాప్తిస్మం పొందినవారు క్రీస్తు ధ్వజం కింద పాపంతో, లోకంతో, సాతానుతో ‘మ్యాన్‌ఫుల్లీ’ పోరాడాలని ఉంది. ఆడశిశువుకూ అదే మాట. కాబట్టి అక్కడ అర్థం మగతనం కాదు, వెన్ను చూపని ధైర్యం.

‘పౌరుషంగా’ అందామంటే వ్యుత్పత్తి అచ్చంగా సరిపోతుంది, రెండూ మగవాడి నుంచి పుట్టినవే. చిక్కల్లా వాడుకలో ఉంది. ‘పౌరుషం పొడుచుకొచ్చింది’ అన్నప్పుడు మనకు తోచేది రోషం, ధైర్యం కాదు. ‘మగటిమి’ ఇంకా దగ్గరిదే, కానీ కావ్యాలు చదివినవాళ్లకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

ఇప్పటి ఇంగ్లీషులో ఈ మాట ఎక్కువగా ‘పెనుగులాడు’, ‘ప్రయత్నించు’, ‘ఆపుకొను’ వంటి క్రియల పక్కన, కాస్త చమత్కారంగా వస్తుంది. మాడిన కూరను అతిథి మ్యాన్‌ఫుల్లీ తిన్నాడంటే అక్కడ ‘ధైర్యంగా’ చప్పగా ఉంటుంది, ‘వీరోచితంగా’ అంటేనే నవ్వొస్తుంది. గంభీరమైన చోట ‘గుండె దిటవుతో’, ‘పట్టు విడవకుండా’ నప్పుతాయి.

నా ప్రశ్న: ఒకే పుస్తకంలో ఈ మాట గంభీరంగానూ వ్యంగ్యంగానూ వస్తే, రెండు చోట్లా నిలబడే తెలుగు మాట ఉందా? లేక సందర్భాన్ని బట్టి మార్చుకోవడమే మేలా? ‘స్టౌట్‌లీ’ని, అంటే ‘గట్టిగా ఖండించాడు’లోని ‘గట్టిగా’ను, దీనితో కలపకుండా చెప్పగలరు.