హాల్లో కాండిన్‌స్కీ, మోండ్రియాన్ ప్రింట్లు: సైజు, ఫ్రేము ఎలా చూసుకోవాలి?

సాగరతీరం:
విశాఖలో ఫ్లాటు. హాలు గోడ 11 అడుగులు, క్రీమ్ రంగు. ముందు ఆరున్నర అడుగుల సోఫా, ఎదురుగా బాల్కనీ తలుపు. గీతలు, వలయాలు, రంగు గళ్లతో గీసిన నైరూప్య బొమ్మలంటే ఇష్టం. కాండిన్‌స్కీ ‘కంపోజిషన్ 8’ (1923), ‘సెవరల్ సర్కిల్స్’ (1926), మోండ్రియాన్ 1930 నాటి ఎరుపు-నీలం-పసుపు బొమ్మ పెట్టాలని ఉంది. ఆన్‌లైన్‌లో మూడూ కలిపి, ఒక్కోటి 24×36 అంగుళాల కాన్వాస్ సెట్టుగా అమ్ముతున్నారు. కొనొచ్చా, లేక విడిగా ప్రింటు వేయించి ఫ్రేము కట్టించుకోవడం మేలా?

రంగులగది:
ఆ సెట్టు వద్దండి. ‘సెవరల్ సర్కిల్స్’ ఇంచుమించు 140 సెం.మీ. చతురస్రం. మోండ్రియాన్ బొమ్మా చతురస్రమే. వాటిని 24×36లో నింపాలంటే మూడో వంతు కోసేయాలి, లేదా సాగదీయాలి. సాగదీస్తే వలయాలు కోడిగుడ్లవుతాయి. ఈ తరహా బొమ్మల్లో ఏ గీత అంచుకు ఎంత దూరంలో ఉందన్నదే అసలు విషయం. అది పోతే మిగిలేవి రంగు ముక్కలే.

కాన్వాస్‌తో ఇంకో చిక్కుంది. చెక్క చట్రం చుట్టూ మడవడానికి ప్రతి పక్కా అంగుళంన్నర, రెండంగుళాలు పోతుంది. 1920ల మొదట్లో మోండ్రియాన్ గీసిన కొన్ని బొమ్మల్లో నల్లగీత అంచు దాకా రాకుండా కాస్త ముందే ఆగుతుంది. మడతలో పోయేది సరిగ్గా ఆ చోటే.

‘కంపోజిషన్ 8’ అసలు కొలత 140×201 సెం.మీ. కాబట్టి 100×70 సెం.మీ. కాగితం దానికి చక్కగా సరిపోతుంది, కత్తిరింపు దాదాపు ఉండదు. చుట్టూ 3 అంగుళాల మౌంటు (బొమ్మకూ ఫ్రేముకూ మధ్య వేసే అట్ట), సన్న ఫ్రేము కలిపితే వెడల్పు 47 అంగుళాల దాకా వస్తుంది. సోఫా పొడవులో మూడింట రెండు వంతులంటే 52. అందుకని సోఫా పైన అదొక్కటే చాలు, మిగతా రెండూ వేరే గోడలకు పెట్టండి.

ఆ సైజుకు ఫైలు వెడల్పు కనీసం 6,000 పిక్సెళ్లు ఉండాలి. తక్కువ నాణ్యత జేపెగ్ అయితే తిన్నని గీతల పక్కన ధూళి చల్లినట్టు మచ్చలు తేలతాయి. కంప్యూటర్‌లో తిరగగీసిన మోండ్రియాన్ ఫైళ్లు తీసుకోకండి. ఆయన తెలుపంతా ఒకే తెలుపు కాదు, కుంచె జాడ కూడా కనిపిస్తుంది. ఆ ఫైళ్లలో ఇవేవీ ఉండవు.

మేకు_సుత్తి:
సముద్రపు ఊరు కాబట్టి అద్దం సంగతి ముందు చూసుకోవాలి. ప్రింటు నేరుగా అద్దానికి తగిలితే తేమకు అంటుకుపోతుంది, తర్వాత చిరగకుండా ఊడదు. మౌంటు వేసేది అందం కోసమే కాదు, ఆ ఖాళీ కోసం కూడా. యాసిడ్ లేని బోర్డు అడగండి, మామూలుది కొన్నేళ్లకు పచ్చబడి కాగితానికీ మరక పట్టిస్తుంది. ప్రింటు వేయించేటప్పుడే బొమ్మ చుట్టూ అంగుళం తెల్ల కాగితం వదిలించి, మౌంటు కిటికీని బొమ్మకన్నా ప్రతి వైపూ 5 మి.మీ. పెద్దగా కోయించండి. అప్పుడు ఏ అంచూ దాగదు.

‘సెవరల్ సర్కిల్స్’ నేపథ్యం ముదురు రంగు. బాల్కనీకి ఎదురుగా మామూలు అద్దంతో పెడితే బొమ్మకు బదులు మీ తలుపే కనిపిస్తుంది. పక్క గోడకు మార్చండి, లేదా మెరుపు తగ్గించిన అద్దం వేయించండి.

తగిలించడానికి ఒక మేకు చాలదు. వంకర బొమ్మలో గీతలన్నీ వంకరే, ఇలాంటి బొమ్మలో అది ఇట్టే తెలుస్తుంది. ఫ్రేము వెనక రెండు కొక్కేలు, గోడకు రెండు స్క్రూలు, రసమట్టం పెట్టి చూసుకోవాలి. ఇటుక గోడకు 6 మి.మీ. బిట్టు, ప్లాస్టిక్ ప్లగ్గు వాడండి. ఫ్రేము కింది అంచు సోఫా వీపుకు 6–8 అంగుళాల పైన ఉండాలి. కింది మూలల్లో రబ్బరు బిళ్లలు అంటిస్తే వెనక గాలాడుతుంది. వానాకాలం చెమ్మెక్కే బయటి గోడ జోలికి మాత్రం వెళ్లకండి.

సాగరతీరం:
కృతజ్ఞతలండీ. నడవాలోకి చిన్నవి నాలుగైదు కావాలంటే? కాపీరైట్ ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

తెల్లగోడ:
చిన్నవాటికి మొదటి నుంచీ కాగితం మీద అచ్చైనవే ఎంచుకోండి. కాండిన్‌స్కీ 1922లో ‘క్లైనె వెల్టెన్’ (చిన్న లోకాలు) పేరుతో 12 ముద్రణలు చేశారు. చిన్న కొలతవే, ఏ4 దగ్గర్లో బాగుంటాయి. రష్యా కళాకారుడు లిసిట్‌స్కీ ఎర్ర త్రికోణం పోస్టరు (1919) కూడా లితోగ్రాఫే, అంటే రాతి అచ్చుతో వేసిందే.

మన దేశంలో హక్కు కళాకారుడు పోయాక 60 ఏళ్లు ఉంటుంది. కాండిన్‌స్కీ, మోండ్రియాన్ ఇద్దరూ 1944లో, ఇదే తరహా బొమ్మలు గీసిన మాలెవిచ్ 1935లో, లిసిట్‌స్కీ 1941లో పోయారు, కాబట్టి వాళ్ల బొమ్మలకు ఇబ్బంది లేదు. ఇదే తరహా చిత్రకారిణి సోనియా డెలోనే 1979 దాకా ఉన్నారు, ఆవిడవి మాత్రం అనుమతి ఉన్న ప్రింట్లే కొనండి.

ఫ్రేము బిగించేముందు తలకిందులు కాలేదు కదా అని చూడండి. ‘కంపోజిషన్ 8’లో పెద్ద నల్ల వలయం ఎడమ పైమూల ఉండాలి. అది కుడి పైమూల కనిపిస్తే ఫైలు అద్దంలో బొమ్మలా తిరగబడిందన్నమాట, వెనక్కి పంపేయండి.