త్రియాయుధమా, త్రియాయుషమా?

పత్రిబుట్ట: శివుడికి మారేడు దళం అర్పిస్తూ చదివే బిల్వాష్టకం మొదటి శ్లోకంలో ఒక అక్షరం నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది. ‘త్రిదళం త్రిగుణాకారం త్రినేత్రం చ త్రియాయుధం’ అని మా ఇంట చదివేవారు. కొన్ని పూజాపుస్తకాల్లో చివరి మాట ‘త్రియాయుషం’ అని అచ్చయి ఉన్నది. మొదటిదానికి మూడు ఆయుధాలని, రెండవదానికి మూడు ఆయుస్సులని అర్థం. మారేడు దళం మూడు రెమ్మలుగా ఉంటుంది కనుక త్రిశూలంతో పోల్చారనుకుంటే మొదటిది పొసగుతుంది. కాని శూలం ఒక్క ఆయుధమే గదా, మిగిలిన రెండూ ఏవి? ధకారమో షకారమో పెద్దలు తేల్చగలరు.

గణవిభజన: ధకార షకారాల కంటె ముందు యకారం సంగతి చూడాలి. త్రి, ఆయుధ అనే పదాలు కలిసినప్పుడు యణాదేశం (ఇకారం యకారంగా మారే సంధి) వచ్చి ‘త్ర్యాయుధం’ కావాలి. అలా అయితే పాదంలో 7 అక్షరాలే మిగిలి, పాదానికి 8 అక్షరాలుండవలసిన అనుష్టుప్పు కుంటుతుంది. వేదఛందస్సులో ఇటువంటి చోట్ల అక్షరాన్ని విడదీసి లెక్కించుకోవచ్చునని ఛందశ్శాస్త్రకర్త పింగళుడు ‘ఇయాదిపూరణః’ అన్నాడు. గాయత్రిలో ‘వరేణ్యం’ను ‘వరేణియం’గా లెక్కించి 24 అక్షరాలు పూరించడం ఆ సూత్రబలంతోనే. లౌకిక స్తోత్రానికి ఆ వెసులుబాటు లేదు కాబట్టి ఈ మాట వేదోచ్చారణ వాసనతోనే ఇక్కడికి వచ్చి ఉండాలి. విభూతి ధరించేటప్పుడు చెప్పే ‘త్ర్యాయుషం జమదగ్నేః’ అందరికీ తెలిసినదే. ఆయుస్సు సకారాంతం గదా, ‘ఆయుషం’ ఎలా అవుతుందని అడగబోయేవారు పాణిని ‘అచతుర’ సూత్రాన్ని (5.4.77) చివరిదాకా చదివితే ‘త్ర్యాయుష’ అన్న రూపం అందులోనే కనబడుతుంది. నా ఓటు షకారానికే.

మెతుకుసీమ: సూత్రం సరే, లౌకికానికి వెసులుబాటు లేదన్నది మాత్రం తొందరపాటు. కుమారసంభవం 3వ సర్గలో మన్మథుడు శివుణ్ణి తొలిసారి చూసిన చోట ‘త్ర్యంబకం’ అనకుండా సంధి విడదీసి ‘త్రియంబకం సంయమినం దదర్శ’ అని కాళిదాసే ప్రయోగించాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యాత అయిన మా కొలిచెలమ మల్లినాథసూరి దానిని మహాకవి ప్రయోగమని సమర్థించి, అక్కడ ‘త్రిలోచనం’ అని దిద్దుకొని చదివినవారిని ‘సాహసికులు’ అని చురక వేశాడు. ‘త్రిలోచనం’ అన్నా అర్థం చెడదు, గణం తప్పదు. కాని దేవదారు వేదిక మీద పులితోలు పరచుకొని కూర్చున్న ఆ యోగిని చూడగానే చెవిలో మోగవలసిన మృత్యుంజయ మంత్రం మోగదు. ఆ మాటకు వస్తే ఆ సర్గలో వసంతం ప్రవేశించినప్పటి నుంచి ఒక్క అక్షరం కదిలించడానికి చేయి రాదు. కాళిదాసుకు చెల్లినది స్తోత్రకర్తకు ఎందుకు చెల్లదు?

నాటువైద్యం: మీరిద్దరూ చెట్టును వదిలి చాలా దూరం వెళ్లారు. మారేడు పూజాద్రవ్యం మాత్రమే కాదు. ఆయుర్వేదంలో బృహత్పంచమూలం అనే అయిదు వేర్ల జాబితాలో మొదటి పేరు బిల్వానిదే. పది వేర్లతో చేసే దశమూలారిష్టం తాగినవారందరూ దాని వేరు కషాయం తాగినవారే. పండ్లన్నిటిలో పక్వమైనదే గుణవంతమనీ, మారేడుకు మాత్రం పచ్చికాయే మేలనీ సుశ్రుతసంహిత చెబుతుంది. అందుకే లేతకాయ ముక్కలను ఎండబెట్టి పొడి చేసి అతిసారానికీ, జిగట విరేచనాలకూ ఇస్తారు. బాగా పండిన గుజ్జు ఇందుకు విరుద్ధంగా విరేచనకారి. బిగించేదీ, వదిలించేదీ ఒకే చెట్టు కాయ అయినప్పుడు దానిని ఆయుస్సుతో ముడిపెట్టడంలో వింత లేదు. శ్రీసూక్తం కూడా ‘తస్య ఫలాని తపసా నుదంతు’ అని, అలక్ష్మిని పోగొట్టమని ఈ పండ్లనే అడిగింది. నేనూ షకారం పక్షమే, అయితే నా కారణం వైద్యం.

పత్రిబుట్ట: మీరు చెప్పినవన్నీ వేరుకూ కాయకూ సంబంధించినవి. శ్లోకం దళం గురించి గదా?

ముత్యాలసరం: దళం గురించే అని ఎలా అంటారు? ‘బిల్వః’ అని పుంలింగంలో అంటే చెట్టు. ఫలాన్ని చెప్పేటప్పుడు ప్రత్యయం లోపిస్తుందనే పాణిని ‘ఫలే లుక్’ సూత్రం వల్ల నపుంసకంలో ‘బిల్వం’ అంటే కాయ. ఆకును చెప్పదలచినప్పుడు వినాయకచవితి పత్రిపూజలో వలె ‘ఉమాపుత్రాయ నమః, బిల్వపత్రం పూజయామి’ అని స్పష్టంగా అంటారు. ‘ఏకబిల్వం శివార్పణం’ అన్నప్పుడు వ్యాకరణం ప్రకారం మనం అర్పిస్తున్నది ఒక మారేడుకాయ.

మెతుకుసీమ: ‘త్రిదళం’ అన్న విశేషణాన్ని కాయకు ఎలా తగిలిస్తారో చూడాలని ఉన్నది. అమరకోశ నిఘంటువు ‘ద్విహీనం ప్రసవే సర్వం’, అంటే ప్రసవాన్ని చెప్పేటప్పుడు చెట్ల పేర్లన్నీ నపుంసకమే అన్నది. ప్రసవమంటే పువ్వూ కాయా మాత్రమే కాక ఆకు కూడా అని నా మతం.

ముత్యాలసరం: అమరం తీశారు కనుక ‘మాలూర’ కూడా చూడండి, మారేడుకు పర్యాయమని ఇచ్చాడు. తెలుగు మాట అందులోంచి వచ్చిందని కొందరంటారు. నాకు మాత్రం నెలరేడు వలె ఇదీ ‘రేడు’ చేరిన మాటే అనిపిస్తుంది. అడవిలో చెట్లకు రాజు.

గణవిభజన: ఆ లెక్కన నేరేడు ఏ చెట్లకు రాజో కూడా చెప్పవలసి వస్తుంది.

కాళహస్తి యాత్రికుడు: స్థలపురాణంలోని ఏనుగు మారేడు దళాలు తెచ్చి పూజించినప్పుడు పాఠభేదం చూసుకోలేదు. ‘ఏ వేదంబు పఠించె లూత (సాలెపురుగు)’ అన్న కవి ధూర్జటి ఈ చర్చ చూస్తే నవ్వుకుంటాడు.

గణవిభజన: ఏనుగు శ్లోకం చదవలేదు కనుక దానికి ఇబ్బంది లేదు, మనం చదువుతున్నాం. అసలు ప్రశ్నకు వస్తే, స్తోత్రకర్త మనసులో ఉన్నది శూలమే అయితే ‘త్రినేత్రం చ త్రిశూలకం’ అని ఏ కష్టమూ లేకుండా అనగలడు. 8 అక్షరాలూ సరిపోతాయి, అయిదవది లఘువు, ఆరవది గురువు, ఏడవది లఘువుగా నియమమూ చెల్లుతుంది. అంత తేలిక మాటను వదిలి సంధిని విడగొట్టుకున్నాడంటే అతనికి కావలసినది ‘ఆయుష’ శబ్దమే.

మెతుకుసీమ: ‘త్రిలోచనం’ అని దిద్దినవారి వాదమూ అచ్చంగా ఇటువంటిదే. తేలిక మాట దొరికింది గదా అని కవి చేత దానిని పలికించబోవడం సాహసం. త్రిపురాసురసంహారంలో విష్ణువు, సోముడు, అగ్ని ముగ్గురూ కలిసి ఒక్క బాణమయ్యారు. మూడు ఆయుధాలు ఎక్కడని అడిగినవారికి నా సమాధానం అది.

పత్రిబుట్ట: అది మూడు దేవతలు ఒక ఆయుధం కావడం. నేను అడిగినది దానికి తలకిందులు.