బౌద్ధ సాధనకు గురువును ఎలా పోల్చుకోవాలి? తిరుపతి నుండి ఒక ప్రశ్న

ప్రశ్న (అలిపిరి సాధకుడు):

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఉంటున్న నేను నాలుగేళ్లుగా పుస్తకాల సాయంతోనే ఆనాపానసతి, అంటే శ్వాసను గమనించే ధ్యానం, సాధన చేస్తున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు వంటింటి పక్క గదిలో చాప మీద కూర్చుంటాను. ఆ వేళకే పక్కింట్లో సుప్రభాతం మొదలవుతుంది, మా అమ్మ పాలగిన్నె పొయ్యి మీద పెడుతుంది, ఆ చప్పుళ్ల మధ్యనే శ్వాసను గమనిస్తూ ఉంటాను. మొదటి మూడేళ్లూ సాధన బాగానే సాగింది. ఏడాదిగా మాత్రం కూర్చున్న పావుగంటకే ఛాతీ బిగుసుకుపోతోంది. నేను శ్వాసను బలవంతంగా పట్టుకోవడం వల్లనో, లోపలి భయం వల్లనో చెప్పగలిగే మనిషి నాకు లేరు.

నిరుడు ఇంటర్నెట్‌లో పరిచయమైన ఒకాయన దగ్గర ఇరవై వేలు కట్టి దీక్ష తీసుకున్నాను. రెండో తరగతిలోనే వేరే పుస్తకాలు చదవకూడదన్నారు, సందేహం అడిగితే నాకు శ్రద్ధ లేదన్నారు. మానేశాను. మా ఇంట్లో గురువంటే కాళ్లకు మొక్కి చెప్పినట్టు వినడమే. బౌద్ధంలో కూడా అంతేనా? మంచి గురువును ఏ గుర్తులతో పోల్చుకోవాలి? మన వైపు నుండి వెళ్లి రాగలిగే చోట్లు ఏమున్నాయి?

సమాధానం 1 (చిత్తూరు ఉపాసకుడు):

అయ్యా, ఛాతీ బిగుసుకుంటోందన్నారు కాబట్టి సాధన మాట తర్వాత, ముందు డాక్టరుకు చూపించుకొని ఈసీజీ తీయించుకోండి.

గురువు అవసరమే, కాని మీ ఇంట్లో చెప్పుకొనే అర్థంలో కాదు. పాలి సుత్తాలలో, అంటే బుద్ధుని ప్రవచనాలలో, ఇందుకు వాడే మాట కల్యాణమిత్రుడు, మేలు కోరే స్నేహితుడు. బ్రహ్మచర్య జీవితంలో, అంటే ధర్మసాధనలో, సగం కల్యాణమిత్రతే అని శిష్యుడు ఆనందుడు అన్నప్పుడు, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దాడు. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం ప్రకారం కొత్త భిక్షువు కనీసం 5 ఏళ్లు ఆచార్యుని నీడన ఉండాలి. ఆచార్యుడు శిష్యుణ్ణి కొడుకులా చూడాలి, శిష్యుడు ఆచార్యుణ్ణి తండ్రిలా చూడాలి. శిష్యుడు జబ్బుపడితే ఆచార్యుడే సేవ చేయాలి. ఆచార్యునికి ధర్మం విషయంలో తప్పుడు అభిప్రాయం కలిగితే దాన్ని పోగొట్టే ప్రయత్నం శిష్యుడు చేయాలి. సందేహం అడిగినందుకే శ్రద్ధ లేదన్న మనిషి దగ్గర ఈ చివరి ధర్మానికి చోటెక్కడిది?

గుర్తుల కోసం మజ్ఝిమనికాయం అనే సుత్తాల సంపుటిలోని 47వ సుత్తం, వీమంసక సుత్తం చదవండి. అందులో బుద్ధుడు తనను కూడా పరీక్షించి చూడమంటాడు, కంటితో చూసినదాన్నీ చెవితో విన్నదాన్నీ బట్టి తేల్చుకోమంటాడు. పేరు వచ్చాక ఆ మనిషిలో దోషాలు కనబడుతున్నాయా అని చూడమనడం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే పేరు రాకముందు కొన్ని దోషాలు బయటపడవు.

ఒక విహారంలో భోజనాల వేళ వడ్డిస్తున్న కుర్రవాడి చేతిలోని గిన్నె జారి, వేడి సాంబారు ఒక వృద్ధ భిక్షువు కట్టుకున్న చీవరం మీద పడింది. ఆయన ముందు ఆ కుర్రవాడి చెయ్యి పట్టుకొని, కాలిందేమోనని అటూ ఇటూ తిప్పి చూశారు. తన చీవరం సంగతి ఆ తర్వాతే. ఆ రోజు ఆయన ఏం ప్రవచనం చెప్పారో నాకిప్పుడు గుర్తు లేదు, కాని నా ప్రశ్నలు ఆయన్నే అడగవచ్చని ఆ క్షణంలోనే అనిపించింది.

బెంగళూరు గాంధీనగర్‌లో ఆచార్య బుద్ధరక్ఖిత 1956లో స్థాపించిన మహాబోధి సొసైటీ ఉంది. తిరుపతి నుండి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరుకోవచ్చు.

సమాధానం 2 (విపశ్యన పాత విద్యార్థి):

విపశ్యన ధ్యానం నేర్పిన గోయెంకా గారి సంప్రదాయంలో పది రోజుల శిబిరం చేయమని నా సలహా. మీకు దగ్గరి కేంద్రం చెన్నైలోని ధమ్మసేతు. రుసుము ఉండదు, శిబిరం పూర్తిచేసినవారి దగ్గరే, అదీ వారు ఇష్టపడి ఇస్తేనే, దానం తీసుకుంటారు. ఇరవై వేలు పోగొట్టుకున్న మీకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. మొదటి మూడు రోజులూ ఆనాపానమే కాబట్టి మీరు తడబడుతున్న చోటి నుండే మొదలవుతుంది, మధ్యాహ్నం సహాయక ఆచార్యులను విడిగా కలిసి మాట్లాడవచ్చు. దరఖాస్తులో ఛాతీ సంగతి మాత్రం దాచకుండా రాయండి.

సమాధానం 3 (బైలకుప్పె యాత్రికుడు):

శిబిరం మంచిదే, కాని మీ ఇబ్బందికి అదొక్కటే చాలదని నా అభిప్రాయం. మధ్యాహ్నం పూట దొరికే ఆ కొద్ది నిమిషాలలో ఆచార్యులు మీ ప్రశ్న వింటారు, మిమ్మల్ని ఎరగడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గురువు అక్కర్లేదంటూ 1929లో తన కోసం ఏర్పడిన సంఘాన్ని తానే రద్దు చేశారు. ఆ మాట పట్టుకొని నేనూ ఆరేళ్లు గురువు లేకుండానే సాధన చేశాను. ఆ ఆరేళ్లూ నా ముక్కోపాన్ని సూటిదనం అనుకున్నాను. అది కోపమేనని మెల్లగా, నా మొహం చూస్తూ చెప్పినది కర్ణాటకలో టిబెటన్లు స్థిరపడిన బైలకుప్పెలో ఒక వృద్ధ లామా.

టిబెటన్ సంప్రదాయంలో గురువు స్థానం చాలా పెద్దది. అందుకే పరీక్ష కూడా అంత పెద్దది: గురుశిష్యులు ఒకరినొకరు పన్నెండేళ్ల వరకైనా పరిశీలించుకోవచ్చని పెద్దలు చెబుతారు. అభిషేకం, అంటే గురువు ఇచ్చే తాంత్రిక దీక్ష, తీసుకుంటే దానితో పాటు ప్రతిజ్ఞలు వస్తాయి కాబట్టి తొందరపడి తీసుకోకండి. ప్రవచనాలు వినడానికి ఏ ప్రతిజ్ఞా అక్కర్లేదు. వెళ్లి వినండి, ఆయన పాత శిష్యులతో మాట్లాడండి, ఆయనను వదిలి వెళ్లినవారి గురించి ఆయన ఎలా మాట్లాడతారో వినండి.

ప్రశ్నించినవారి జవాబు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈసీజీలో తేడా ఏమీ లేదన్నారు. వచ్చే నెల రెండో శనివారం రాత్రి బెంగళూరు బస్సుకు టికెట్టు తీసుకున్నాను. చెన్నై శిబిరానికి దరఖాస్తు ఆ తర్వాత పెడతాను. చిత్తూరు మిత్రులు ఆ ఆదివారం అక్కడికి వచ్చే పనైతే, దయచేసి ఇక్కడే ఒక మాట రాయండి.