పదేళ్ల బండి 35 వేలు తిరిగింది, ఐదేళ్ల బండి లక్షా పది వేలు తిరిగింది: ఏది కొనాలి?

కొత్తబాట

నమస్కారం. ఇంట్లో రెండు వారాలుగా తెగని వాదన ఇది. రెండు సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్‌లు చూశాం. ఒకే మోడల్, ఒకే పెట్రోల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు, టైమింగ్ బెల్ట్ (పిస్టన్లూ వాల్వులూ ఒక లయలో కదిలేలా చూసే రబ్బరు బెల్ట్) ఉన్న రకం. అడుగుతున్న ధర కూడా ఇంచుమించు ఒకటే. మొదటిది పదేళ్ల బండి, 35,000 కిలోమీటర్లే తిరిగింది, ఒకే ఓనర్. కాకపోతే సర్వీస్ బుక్‌లో మొదటి మూడేళ్ల ముద్రలే ఉన్నాయి. రెండోది ఐదేళ్లది, 1,10,000 తిరిగింది. ఎక్కువగా హైవే మీదేనట, ప్రతి సర్వీస్ బిల్లూ ఫైల్లో ఉంది. నాన్నగారు మొదటిదే తీసుకోమంటున్నారు, నాకు రెండోదాని మీద మనసుంది. కొన్నాక దేనికి ఖర్చు తక్కువ?

స్టీరింగ్

నాన్నగారి మాట వినండి. క్లచ్ ప్లేటు, వీల్ బేరింగులు, షాక్ అబ్జార్బర్లు, సస్పెన్షన్ లింక్ రాడ్లు తిరిగిన దూరాన్ని బట్టే అరుగుతాయి. నా బండి లక్ష దాటిన ఏడాదే క్లచ్ జారడం మొదలైంది, ముందు షాకులు లీకయ్యాయి, ఒక వెనక బేరింగ్ వేగం పెరిగేకొద్దీ హోరుమనేది. ఒకటి బాగుచేయించేలోపు ఇంకొకటి. ఆ వరస మీరు కొని తెచ్చుకోవద్దు.

పానా

నేను ఒప్పుకోను. మీటర్ దూరం చెబుతుంది గానీ ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పదు. లెక్క వేద్దాం. పదేళ్లలో 35,000 అంటే రోజుకు పది కిలోమీటర్లు కూడా లేవు. ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ సగటున గంటకు 15 కిలోమీటర్లు పోయిందనుకుంటే ఇంజన్ దాదాపు 2,330 గంటలు నడిచింది. రెండోది సగటున 55 పోయిందనుకుంటే 1,10,000 కిలోమీటర్లకు 2,000 గంటలే.

ఆ గంటలు ఎలా గడిచాయన్నది ఇంకా ముఖ్యం. నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చినా అది చూపించేది కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని, ఆయిల్ దానికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. దాంతో కాలని పెట్రోలు, తేమ ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆయిల్ మూత విప్పితే లోపల మీగడలాంటి పదార్థం కనిపించేది ఈ తేమ వల్లే. దానితోపాటు కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్ గాస్కెట్‌ను (ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి.

ఇక టైమింగ్ బెల్ట్. దానికి తయారీదారు పెట్టే గడువు మామూలుగా ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందైతే అది. మన ఇళ్లలో మొదటి సగమే గుర్తుంటుంది. చాలా ఇంజన్లలో ఆ బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, వాల్వులు వంగుతాయి, హెడ్ విప్పక తప్పదు. ఆ ఒక్క పనికే పాత చిన్న కారు విలువలో పెద్ద ముక్క పోతుంది. బెల్ట్ మారుస్తున్నప్పుడు దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ను, వాటర్ పంప్ అదే బెల్ట్‌తో తిరిగేదైతే దాన్నీ కలిపి మార్చించాలి, లేకపోతే అదే విప్పుడు కూలీ మళ్లీ పడుతుంది. 35 వేలే కదా అని పదేళ్లుగా ఎవరూ ముట్టని బెల్ట్ ఉన్న బండిని నేనైతే ఇంటిదాకా కూడా నడుపుకుని రాను.

స్టీరింగ్

ఆ 15, 55 మీరు అనుకున్న అంకెలు. హైవే మీదే తిరిగిందని చెప్పని అమ్మకందారును నేనింతవరకూ చూడలేదు. 55 బదులు 30 వేసి చూడండి, 3,660 గంటలు దాటుతుంది, మీ వాదన తిరగబడుతుంది. బెల్ట్ మారిస్తే ఆ భయం ఒక్క రోజులో తీరుతుంది. అరిగిన గేర్‌బాక్స్ సింక్రోనైజర్లు (గేరు సాఫీగా పడేలా చేసే రింగులు), అరిగిన పిస్టన్ రింగులు అంత తేలిగ్గా మారతాయా?

పానా

సింక్రోనైజర్ల మాట నిజమే. మిగతాదానికి మాట మీద నమ్మకం అక్కర్లేదు, బండి మీదే సాక్ష్యం ఉంటుంది. హైవే బండికి బానెట్ అంచు మీద, ముందు అద్దం మీద రాళ్లు తగిలిన చుక్కలుంటాయి, క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం అంతగా అరగదు. చుక్కలు లేకుండా పెడల్ నున్నగా ఉంటే ఆ బండి ట్రాఫిక్‌లోనే తిరిగింది. కొత్తబాట గారూ, బిల్లులన్నీ తేదీల వారీగా పేర్చి పక్కన మీటర్ రీడింగ్ రాయండి. నెలకు సగటున 1,800 చొప్పున పెరగాలి. ఎక్కడైనా రీడింగ్ వెనక్కి పోతే ఆ బండి వద్దు. తర్వాత నాలుగో గేర్లో తక్కువ వేగంలో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఇంజన్ మోత పెరిగి బండి ఊపందుకోకపోతే క్లచ్ జారుతున్నట్టే.

చల్లనిఇంజన్

ఇద్దరూ ఇంజన్ దగ్గరే ఆగారు. టైర్ల మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. 2316 అంటే 2016లో 23వ వారం. తక్కువ తిరిగిన బండి టైర్లకు గాడి నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం గట్టిపడి పక్కలు పగిలి ఉంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ నిలవున్నా తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. కూలెంట్, బ్యాటరీ, లోయర్ ఆర్మ్ బుష్‌లు (సస్పెన్షన్‌లోని రబ్బరు భాగాలు) కూడా వయసును బట్టే పోతాయి. నేను పాత బండి ఏది కొన్నా, ధరలో ఆరో వంతు మొదటి ఏడాది పనులకని ముందే పక్కన పెడతాను. ఆ డబ్బు విడిగా లేకపోతే ఇంకా చవక బండి చూసుకుంటాను.

ఇంకొకటి, తెల్లవారుజామునే వెళ్లండి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి తిరిగి వచ్చేయండి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే శబ్దం, నీలం పొగ వేడెక్కాక దొరకవు.

కొత్తబాట

ఈ పొద్దున రెండూ చూసి వచ్చాం, నాన్నగారు కూడా వచ్చారు. మొదటి దాని నాలుగు టైర్లూ బండితో వచ్చినవే, ఆయిల్ మూత లోపల మీగడ ఉంది, బెల్ట్ మార్చిన కాగితం లేదు. స్కానర్ పెడితే తప్పులేమీ లేవు గానీ రెడీనెస్ మానిటర్లు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) సగం పూర్తికాలేదు. రెండోదానికి బానెట్ నిండా చుక్కలు, బిల్లుల్లో రీడింగులు సరిపోయాయి, 90,000 దగ్గర బెల్ట్, వాటర్ పంప్ మార్చారు. కానీ గతుకుల మీద ముందు ఎడమవైపు టకటకమంది, క్లచ్ కూడా పెడల్ బాగా పైకి వచ్చాకే పట్టుకుంటోంది.

స్టీరింగ్

నిలిపి ఉంచిన బండికి బ్యాటరీ తీసి పెట్టినా మానిటర్లు అలాగే చూపిస్తాయి, దానికే దోషం అనుకోవద్దు. ఆ టకటక లింక్ రాడ్ అయితే చిన్న పని. క్లచ్ మాత్రం చిన్నది కాదు, గేర్‌బాక్స్ దించాలి. ఆ ఖర్చు తగ్గించి ఇస్తేనే రెండోది తీసుకోండి.

పానా

తప్పులు చెరిపేసినా మానిటర్లు అలాగే ఉంటాయి కదా. కొన్ని రోజులు నడిపాక మళ్లీ స్కాన్ చేయనిస్తారా అని అడగండి. క్లచ్ సంగతిలో మాత్రం స్టీరింగ్ గారితో ఏకీభవిస్తున్నాను.

కొత్తబాట

మొదటి బండి ఓనర్ మళ్లీ స్కాన్‌కు ఒప్పుకోలేదు. రెండో ఆయన క్లచ్ ఖర్చులో సగం తగ్గిస్తానంటున్నారు. నాన్నగారు పూర్తిగా తగ్గించమని రేపు మళ్లీ మాట్లాడతానన్నారు.