గోదావరి పుష్కరాలకు సిరోంచ ఘాట్‌లో సర్వమత వేదిక కావాలా?

గట్టుమనిషి:
2027 జూన్ 26న గోదావరి పుష్కరాలు మొదలు. మహారాష్ట్ర ఒడ్డునున్న మన సిరోంచ వైపు ఘాట్‌లో పన్నెండు రోజులూ సాయంత్రం వేదిక పెట్టి ఒగ్గుకథ, మరాఠీ కీర్తన, ఖవ్వాలీ, గోండుల రేలా ఆట పెట్టిద్దామని మాలో కొందరి ఆలోచన. తెలుగు, మరాఠీ, గోండి, ఉర్దూ అన్నీ వినబడే ఊరు కదా. ఏమంటారు?

మడిబట్ట:
నేను ఒప్పుకోను. పుష్కరమంటే స్నానం, పిండప్రదానం. తండ్రికి తర్పణం వదిలి తడిబట్టలతో గట్టెక్కేవాడి చెవిలో మైకు మోగిస్తే ఐక్యత వస్తుందా? ఉర్సుకు దర్గాకు మనమూ పోతాం. చాదర్ కప్పి, దండం పెట్టుకుని వస్తాం. అక్కడ ఉపన్యాసం ఇస్తామా?

పడవరేవు:
వంతెన లేనప్పుడు కాళేశ్వరం పోవాలంటే మాకు పడవే దిక్కు. నువ్వెవరని ఎవరూ అడిగేవారు కాదు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు, ఆ మాడుపగిలే ఎండలో మా వీధి ముస్లిం పిల్లలు నీలం డ్రమ్ముల్లో ఐసుగడ్డలు వేసి, స్టీలు గ్లాసులు కడిగి కడిగి నీళ్ళిచ్చారు. ఒక్క బ్యానర్ లేదు. వేదిక వేశామంటే ముందు ఎక్కేది ఖవ్వాలీవాళ్ళు కాదు, టికెట్ ఆశిస్తున్న నాయకులే!

నాసిక్‌బండి:
ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. గురుడు సింహరాశిలోకి వస్తే మనకు గోదావరి పుష్కరం, నాసిక్-త్ర్యంబకంలో సింహస్థ కుంభమేళా. అదే నది, అదే లెక్క. మన మరాఠీ పక్కింటివాళ్ళు ఇంటిముందున్న గోదావరిని వదిలి అంతదూరం పోతారు. మనవాళ్ళేమో పుష్కరం తెలుగువాళ్ళ సొత్తన్నట్టు మాట్లాడతారు. వేదిక ఉంటే ఈ ముక్క రెండు భాషల్లోనూ చెప్పొచ్చు.

మడిబట్ట:
ఇది కాదనలేను. అయితే బస్టాండ్ దగ్గర పెట్టుకోండి. ఘాట్ జోలికి రావద్దు.

పడవరేవు:
ఎక్కడైనా సరే, జూన్ ఆఖరంటే వానలు. 2022 జులై వరద మరిచారా? మెట్లు మునిగితే జనాన్ని ఎక్కడ స్నానం చేయిస్తారో ముందు చూడండి. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, గజ ఈతగాళ్ళు... చందా డబ్బు వీటికి పెడితే నేనూ ఇస్తాను, మా వీధి పిల్లలూ ఇస్తారు. షామియానాకైతే పైసా ఇవ్వను.

గట్టుమనిషి:
గదులకే పెడదాం. కానీ ఒక్క సాయంత్రమైనా రేలా ఆట ఉండాల్సిందే, మైకు లేకుండా. డోలు చాలు. దీనికీ అభ్యంతరమా?

మడిబట్ట:
ఏడు గంటల తర్వాతైతే లేదు.