ప్రింట్ చేసిన పళ్ళసెట్టుకి క్రిములు పట్టవా?

కాకినాడ_కోడలు:
మా అత్తయ్యగారికి 74 ఏళ్ళు. పైనా కిందా కట్టుడు పళ్ళే, పదకొండేళ్ళ నాటివి. కింది సెట్టు మాట్లాడుతుంటేనే లేస్తోంది. పైది తీసి చూస్తే అంగిలి ఎర్రగా కందిపోయి ఉంది. ఒక డాక్టరుగారు "త్రీడీ ప్రింట్ చేయించండి, క్రిములు పట్టవు, హాయిగా ఉంటుంది" అన్నారు. ఇంకొకాయన పాత పద్ధతే మేలంటున్నారు. డబ్బు సంగతి తర్వాత, ఆవిడకి ఏది మంచిదో చెప్పండి.

మైనం_పనివాడు:
క్రిములు పట్టవన్న మాట తప్పమ్మా. ఇరవై రెండేళ్ళుగా డెంటల్ ల్యాబ్‌లో ఇదే పని నాది. పాత పద్ధతిలో ఆక్రిలిక్ పొడి, ద్రవం ముద్దగా కలిపి, ఫ్లాస్కు అనే లోహపు పెట్టెలో నొక్కి, వేడినీళ్ళలో ఉడికిస్తాం. ప్రింటర్ అయితే ప్లాస్టిక్‌లా గట్టిపడే ద్రవ రెజిన్‌ను వెలుతురుతో పొర మీద పొరగా గట్టిపరుస్తుంది. ఒక్కో పొర 50 నుంచి 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. వంపు తిరిగిన చోట ఆ పొరలు మెట్లుగా తేలతాయి. పాలిష్ చేయని ముక్క మీద గోరు గీసి చూస్తే గరగరలాడుతుంది. బయటి వైపు మేం నున్నగా చేస్తాం. చిగురుకు ఆనే లోపలి వైపు మాత్రం ఏ పద్ధతిలోనూ పాలిష్ పెట్టం, పెడితే పట్టు పోతుంది. అంటే మెట్లు అక్కడే మిగులుతాయి. ఫంగస్ చేరేదీ అక్కడే.

హైదరాబాద్_తాతయ్య:
బాబూ, నువ్వు ల్యాబ్‌లోంచి చూస్తున్నావు, నేను నోట్లో పెట్టుకుని చెబుతున్నా. పాత సెట్టుకి ఐదుసార్లు తిరిగాను, ప్రింట్ సెట్టుకి మూడుసార్లే. పోయిన ఏడు వాష్‌బేసిన్‌లో జారిపడి రెండు ముక్కలైంది. కంప్యూటర్‌లో ఉన్న ఫైలుతోనే మళ్ళీ తీసిచ్చారు, కొత్తగా అచ్చు తీయించుకునే బాధ తప్పింది. మోకాళ్ళ నొప్పులవాడికి ఇది చిన్న సుఖమా? ఇంతకీ మీరు ఉడికించినదాంట్లో చిల్లులుండవా?

మైనం_పనివాడు:
ఉంటాయి సార్, ఒప్పుకుంటాను. తొందరపడి వేడి పెంచితే లోపల బుడగలొస్తాయి. గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది కూడా. అలాగే ప్రింట్ తీశాక సరిగ్గా కడగకుండా, చాలినంత వెలుతురు పెట్టకుండా ఇచ్చేస్తే, గట్టిపడని రెజిన్ మిగిలి నోరు మండవచ్చు. ఏదైనా చేసే చేతిని బట్టే.

గుంటూరు_దంతవైద్యురాలు:
ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఎవరూ చెప్పలేదు. 'డిజిటల్' అనే ఒక్క మాట కింద రెండు వేరే వస్తువులు అమ్ముతున్నారు. ఒకటి ప్రింట్ చేసేది. రెండోది, ఫ్యాక్టరీలోనే వేడితో, ఒత్తిడితో గట్టిపరిచిన బిళ్ళ నుంచి మిషన్ చెక్కేది. చిల్లులు తక్కువ, మిగిలిపోయే రసాయనం తక్కువ, విరగడం తక్కువ అన్న పేరు ప్రధానంగా చెక్కినదానిది. ఆ పేరు ప్రింట్‌కి తగిలించి పెద్దవాళ్ళకి అమ్మడం నాకు కోపం తెప్పిస్తుంది. ఏది ఇస్తున్నారో అడిగి తెలుసుకోండి.

కాకినాడ చెల్లెమ్మా, అసలు ఇప్పుడే అచ్చు తీయనివ్వకండి! వాచిన అంగిలికి అచ్చు తీస్తే ఎంత ఖరీదైన మిషనైనా ఆ వాపుకే సెట్టు చేస్తుంది. వాపు తగ్గాక అది వదులైపోతుంది. ముందు డాక్టరుకి చూపించి, ఫంగసైతే మందు వాడండి. కింది దవడ ఎముక ఏళ్ళు గడిచేకొద్దీ పైదానికి దాదాపు నాలుగు రెట్లు అరుగుతుంది, పైగా నాలుక తోస్తుంటుంది. కాబట్టి ఏ పద్ధతిలో చేసినా కిందిది కొంత కదులుతుంది. బాగా ఇబ్బందైతే రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే మరలు) వేసి దానికి పట్టు ఇవ్వొచ్చు.

ఇంతకీ ఆవిడ రాత్రి సెట్టు తీస్తారా? జపాన్‌లో 85 దాటిన వాళ్ళ మీద చేసి 2015లో ప్రచురించిన పరిశీలనలో, సెట్టు పెట్టుకునే పడుకునేవాళ్ళకి న్యుమోనియా ముప్పు రెట్టింపు కన్నా ఎక్కువని తేలింది.

కాకినాడ_కోడలు:
తీయరండీ. మామయ్యగారు పోయాక కూడా, బోసినోటితో ఎవరికీ కనపడనని పట్టుదల. నిన్న రాత్రి బతిమాలి తీయించాను. మెత్తటి బ్రష్‌తో, సబ్బునీళ్ళతో రుద్దితే లోపలి వైపు నుంచి గోధుమరంగు జిగురు ఊడి వచ్చింది. చూసి ఆవిడే ముఖం తిప్పుకున్నారు. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేసి, గ్లాసు నా గదిలోనే పెట్టుకున్నాను. పొద్దున్నే ఎవరూ లేవకముందే తెచ్చిస్తానని మాటిచ్చాను. సోమవారం అంగిలి చూపిస్తాం. అచ్చు సంగతి ఆ ఎరుపు పోయాకే.