అప్‌డేట్: మంచం పట్టిన పెద్దవాళ్లకి విశాఖలో హోమ్, ఏం చూడాలి?

మంచం దిగలేని అమ్మ కోసం మధురవాడ వైపు హోమ్‌లు చూస్తున్నాం, సంరక్షణ నాణ్యత ఎలా తేల్చుకోవాలని అడిగాను. మీ సలహాలన్నీ పట్టుకుని మూడు చోట్లకి వెళ్లాం. అందరికీ ధన్యవాదాలు.

అన్నిటికన్నా పనికొచ్చింది ఒంటి పుండ్ల (కదలకుండా పడుకుంటే ఒత్తిడికి పడే బెడ్ సోర్స్) గురించి అడగడం. కదల్లేనివాళ్లని సుమారు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రి కూడా. గాలి పరుపు ఉంది కదా అని మానకూడదు. నడుము కింద, తుంటి, మడమల దగ్గర ఎర్రబడిన చోట నొక్కి వదిలినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనచాయ ఒంటి మీద ఎరుపు తెలీదు, అందుకని వేడిగానో గట్టిగానో ఉందేమో తాకి చూడాలి. తిప్పిన వేళలు రాసే చార్టు అడగండి. పగలూ రాత్రీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత ఉంటే అంతా ఒకేసారి నింపారేమోనని నాకు అనుమానమే.

మందులు సరిగ్గా ఇస్తున్నారో లేదో తెలియాలంటే బిళ్లలు లెక్కపెట్టడమే మార్గం: రోజుకొకటి చొప్పున 30 ఇస్తే, 12 రోజులకి 18 మిగలాలి.

చెప్పకుండా ఆదివారం రాత్రి వెళ్లి, ఎంతమందికి ఒక ఆయా ఉందో చూడండి.

జనరేటరు సంగతి మన ఊళ్లో తప్పనిసరి. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేక ఎన్ని రోజులు గడిపామో గుర్తుందిగా! ఆక్సిజన్ యంత్రం, గాలి పరుపు మోటారు, లిఫ్టు, బోరు జనరేటరుకి కలిపారా, డీజిల్ ఎన్ని గంటలకి వస్తుంది అని విడివిడిగా అడగాలి.

ఫిర్యాదులకి పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ ఎల్డర్ లైన్ 14567. మేం ఒక హోమ్‌లో ముందు పది రోజులకే మాట్లాడుకున్నాం, అడ్వాన్సు ఆ తర్వాతే ఇస్తాం.